ఊహ కాదు, అలాంటి ఊరు ఉంది

ఒక కథ గురించి మీరు రాసిన వ్యాసం చదివాను. అందులోని ఉత్తర ధ్రువం వైపు రేవు పట్టణం కల్పితమని, అక్కడి జనాన్ని మరీ మొండివాళ్లుగా చూపించారని రాశారు. నాకైతే అతిశయోక్తి అనిపించలేదు. నార్వేలోని హామర్‌ఫెస్ట్ అనే రేవు పట్టణం చరిత్ర చూడండి. 70 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉంది. నవంబరు చివర్లో వెళ్లిన సూర్యుడు మళ్లీ జనవరిలోనే కనిపిస్తాడు. వెచ్చని సముద్ర ప్రవాహం పుణ్యమా అని రేవు మాత్రం గడ్డకట్టదు. (మనమేమో 15 డిగ్రీల చలికే మంకీ క్యాపులు బయటికి తీస్తాం!)

1890లో ఊళ్లో చాలా భాగం కాలిపోయింది. మరుసటి ఏడాదే వీధుల్లో కరెంటు దీపాలు పెట్టుకున్నారు, చూడండి వాళ్ల తెగువ! 1944లో జర్మన్ సైన్యం జనాన్ని బలవంతంగా ఖాళీ చేయించి, వెనక్కి వెళ్తూ ఊరంతా తగలబెట్టింది. శ్మశానం దగ్గరి చిన్న ప్రార్థనా మందిరం ఒక్కటే మిగిలింది. కొందరు ఆ ప్రాంతం వదలకుండా చలికాలంలో గుహల్లో దాక్కున్నారు. యుద్ధం ముగిశాక, అప్పుడే రావొద్దని ప్రభుత్వం చెబుతున్నా వినకుండా తిరిగొచ్చి మళ్లీ కట్టుకున్నారు. ఆ పునర్నిర్మాణానికి ఇప్పుడక్కడ ఒక మ్యూజియం కూడా ఉంది.