మీనమేషాల లెక్కలో అగ్రరాజ్యం

వాతావరణ మార్పు విషయంలో అమెరికా ప్రభుత్వం ఏమీ చేయలేదని కొందరు ఆడిపోసుకుంటూ ఉంటారు. ఇది అన్యాయం. అరవై ఏళ్ళుగా, పార్టీ ఏదైనా, ఆ ప్రభుత్వం మంచి ముహూర్తం కోసం వెతుకుతూనే ఉంది. దొరకకపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు?

బొగ్గు, చమురు మండించడం వల్ల గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి భూమి వేడెక్కగలదని అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌కు ఆయన శాస్త్ర సలహా సంఘం 1965లోనే విన్నవించింది. విరుగుడుగా ఇంధనం తగ్గించమనే మొరటు సలహా ఇవ్వలేదు. ఎండను తిప్పికొట్టే రేణువులను, పెళ్ళిలో పన్నీరు చల్లినట్టు, సముద్రాల మీద చల్లవచ్చని సూచించింది.

ముహూర్తం చూసుకోకుండా తొందరపడినవారు తర్వాతి కాలపు అధ్యక్షుడు జిమ్మీ కార్టర్. 1979 జూన్‌లో శ్వేతసౌధం కప్పు మీద నీళ్ళు కాచే సోలార్ ప్యానెళ్ళు 32 పెట్టించి, ఒక తరం గడిచాక ఇవి మ్యూజియం వస్తువులుగా మిగిలిపోవచ్చునని ఆనాడే అన్నారు. 1986లో, ఆయన తర్వాత అధ్యక్షుడైన రీగన్ హయాంలో, కప్పు మరమ్మతు పేరిట వాటిని దింపారు. మరమ్మతు పూర్తయింది గాని ప్యానెళ్ళు మళ్ళీ పైకి ఎక్కలేదు. మెయిన్ అనే అమెరికా రాష్ట్రంలో ఒక కళాశాల భోజనశాలకు కొన్నాళ్ళు వేణ్ణీళ్ళు కాచిన తర్వాత, వాటిలో ఒకటి స్మిత్‌సోనియన్ మ్యూజియానికి, మరొకటి చైనాలోని సౌర మ్యూజియానికి చేరాయి. నాయకుడి మాటను ఇంత అక్షరాలా నిలబెట్టిన ప్రభుత్వాలు అరుదు. నేడు ప్రపంచంలో సోలార్ ప్యానెళ్ళు అత్యధికంగా తయారయ్యేది చైనాలోనే గాని, దానికీ దీనికీ ముడిపెట్టడం గిట్టనివాళ్ళ పని.

భూమి వేడెక్కుతోందని 99 శాతం నమ్మకంతో చెప్పగలనని నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ 1988 జూన్ 23న అమెరికా ఎగువ సభ అయిన సెనేట్ కమిటీకి తెలిపారు. మిగిలిన ఒక్క శాతం తేలేదాకా ఆగడమే పెద్దరికమనిపించుకుంది. భూమిని వేడెక్కించే వాయువులను తగ్గించేందుకు దేశాలు జపాన్‌లోని క్యోటోలో జరపబోయే సమావేశానికి ఇంకా నెలలు ఉండగానే, 1997 జూలైలో, వర్ధమాన దేశాలకు ఆ వాయువుల మీద పరిమితులు విధించని ఒప్పందం మీద సంతకం చేయరాదని సెనేట్ 95–0 ఓట్లతో తీర్మానించింది. ఉప్పూ నిప్పూగా ఉండే రెండు పార్టీలకు అంతటి పొత్తు కుదరడం చూసి కళ్ళు చెమర్చనివారుండరు.

2014 అప్పటివరకు నమోదైన వాటిలోకెల్లా అత్యంత వేడి సంవత్సరమని నాసా ప్రకటించిన మరుసటి నెలలోనే, సెనేట్ పర్యావరణ కమిటీ అధ్యక్షుడు జేమ్స్ ఇన్‌హోఫ్ ప్లాస్టిక్ సంచిలోంచి మంచు ముద్ద తీసి, బయట చలిగా ఉందని సెలవిచ్చి, దాన్ని సభాపతి స్థానం వైపు విసిరారు. ప్రయోగశాల లేకుండానే ప్రయోగం ముగిసింది.

భూతాపాన్ని అదుపు చేద్దామని దేశాలు కుదుర్చుకున్న పారిస్ ఒప్పందం సంగతికొస్తే, అమెరికా 2020 నవంబరులో బయటికి, 2021 ఫిబ్రవరిలో లోపలికి, 2025 జనవరి 20న మళ్ళీ బయటికని సంతకం. అలక పాన్పు ఎక్కిన అల్లుడు కూడా ఇన్నిసార్లు ఎక్కి దిగడు. ఈలోగా హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలిచే కార్బన్ డయాక్సైడ్, 1958లో పది లక్షల పాళ్ళకు 315గా ఉన్నది, 420 దాటింది. ఆ కొలతలకు నిధులు ఆపాలన్న ప్రతిపాదన అమెరికా ప్రభుత్వపు 2026 ఆర్థిక సంవత్సరపు బడ్జెట్ పత్రాల్లో కనిపించింది. పంచాంగమే లేకుండా చేస్తే ముహూర్తం వెతికే శ్రమ కూడా తప్పుతుందని ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టకపోవడమే ఆశ్చర్యం.