ఆలస్యపు రుసుముకు హద్దు ఉండాలి

ఏడాది పొడవునా ఒక్క రూపాయి వ్యాపారం జరగకపోయినా, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ తన ఖాతాలను చార్టర్డ్ అకౌంటెంటుతో ఆడిట్ చేయించాల్సిందే. సెప్టెంబరు 30లోగా సర్వసభ్య సమావేశం జరిపి, ఆ తర్వాత 30 రోజుల్లో ఆర్థిక నివేదికలను, 60 రోజుల్లో వార్షిక రిటర్నును విజయవాడలోని కంపెనీల రిజిస్ట్రారుకు ఆన్‌లైన్‌లో దాఖలు చేయాల్సిందే. గడువు దాటితే ఒక్కో పత్రానికి రోజుకు 100 రూపాయల చొప్పున అదనపు రుసుము పడుతుంది. 2018 నుంచి అమలవుతున్న ఈ రుసుముకు గరిష్ఠ పరిమితి అంటూ లేదు. రెండు పత్రాలూ ఏడాది ఆలస్యమైతే 73,000 రూపాయలు కట్టాలి. వేల కోట్ల టర్నోవరు ఉన్న సంస్థకూ, తాడిపత్రిలో భార్యాభర్తలు డైరెక్టర్లుగా నడుపుకొనే బండల పాలిష్ యూనిట్‌కూ రోజువారీ రేటు ఒక్కటే కావడం అన్యాయమని మా అభిప్రాయం.

సీమ జిల్లాల్లో ఈ సమస్య రానురాను పెరిగేదే తప్ప తగ్గేది కాదు. ఓర్వకల్లు, కొప్పర్తి పారిశ్రామిక కేంద్రాలకు 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. పెద్ద పరిశ్రమలు వస్తే వాటికి విడిభాగాలు, ప్యాకింగ్ సామగ్రి, రవాణా సమకూర్చే చిన్న సంస్థలు పుట్టుకొస్తాయి. పెద్ద కొనుగోలుదారుల దగ్గర నమ్మకం కుదురుతుందనే ఆశతో వీటిలో చాలా కంపెనీలుగా నమోదవుతాయి. అధీకృత మూలధనం, అంటే వాటాల రూపంలో కంపెనీ గరిష్ఠంగా సేకరించుకోగల పెట్టుబడి, 15 లక్షల రూపాయలు మించకపోతే నమోదుకు కేంద్రం రుసుము కూడా తీసుకోవడం లేదు. అసలు ఖర్చు ఆ తర్వాతే మొదలవుతుంది.

తాడిపత్రి యూనిట్ లెక్కనే దగ్గరగా చూద్దాం. ఆడిటరు ఫీజు, నెలనెలా ఖాతాలు రాసే గుమాస్తా జీతం, డైరెక్టర్లిద్దరి డిజిటల్ సంతకాలు, జీఎస్టీ, టీడీఎస్ రిటర్నుల దాఖలు ఖర్చు తప్పనివి. ఖాతాల్లో ఏ పద్దును ఎప్పుడు మార్చారో నమోదు చేసే సాఫ్ట్‌వేరును మాత్రమే వాడాలని 2023 ఏప్రిల్ 1 నుంచి చిన్న కంపెనీలకు కూడా నిబంధన వచ్చింది. కూలీల సంఖ్య పదికి చేరితే ఈఎస్‌ఐ, ఇరవైకి చేరితే పీఎఫ్ వర్తిస్తాయి. కార్మికుడి భద్రతకు పెట్టే ఆ ఖర్చును మేము ప్రశ్నించడం లేదు. బండలు అమ్ముడుపోక యార్డులోనే పేరుకుపోయిన ఏడాదిలో కూడా మిగతా ఖర్చుల్లో చాలావరకు ఒక్క రూపాయి తగ్గకపోవడమే మమ్మల్ని కలవరపెడుతోంది.

ఇక పన్ను సంగతి. ఇదే యూనిట్‌ను సొంత పేరున నడిపి ఏడాదికి 6 లక్షల రూపాయల లాభం గడిస్తే, కొత్త విధానంలో 12 లక్షల వరకు రిబేటు ఉన్నందున యజమాని ఆదాయపు పన్ను కట్టనవసరం లేదు. కంపెనీ అయితే, 22 శాతం రేటును ఎంచుకున్నా సర్‌ఛార్జి, సెస్సు కలిపి 25.168 శాతం, అంటే సుమారు 1.51 లక్షల రూపాయలు చెల్లించాలి. మిగిలినదాన్ని డివిడెండుగా తీసుకుంటే అది వాటాదారు ఆదాయంలో చేరుతుంది. డైరెక్టర్లు జీతం తీసుకుంటే కంపెనీ లాభం ఆ మేరకు తగ్గుతుందన్నది నిజమే. అయితే ఆ వెసులుబాటును సకాలంలో వాడుకోవాలంటే మంచి సలహాదారు కావాలి, అందుకు మళ్లీ ఫీజు కావాలి. టర్నోవరులో 8 శాతాన్ని, బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ముపై 6 శాతాన్ని లాభంగా చూపించి పన్ను కట్టే సులభ విధానం సొంత వ్యాపారాలకు, భాగస్వామ్య సంస్థలకు ఉంది. కంపెనీలకూ, ఎల్‌ఎల్‌పీలకూ (పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థలకూ) లేదు.

ఇంత భారం మోసేది దేనికోసం? వ్యాపారం దెబ్బతిన్నా ఇల్లు, పొలం పోకుండా ఉంటాయన్న పరిమిత బాధ్యత కోసమే. కానీ అప్పిచ్చే బ్యాంకులు సాధారణంగా డైరెక్టర్ల వ్యక్తిగత హామీ రాయించుకుంటాయి. కంపెనీ దివాలా ప్రక్రియ ముగిసినంత మాత్రాన హామీదారు బాధ్యత దానంతటదే తీరిపోదని 2021 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అక్కడితో చిన్న వ్యాపారికి ఆ రక్షణ చాలావరకు పేరుకే మిగిలింది.

అన్నిటికన్నా కష్టం కంపెనీని మూసేయడం. పేరు కొట్టేయమని కోరే దరఖాస్తుకు 10,000 రూపాయలు కట్టాలి. దానికి ముందు, వ్యాపారం ఆగిపోయిన ఆర్థిక సంవత్సరం వరకు మిగిలిపోయిన పాత రిటర్నులన్నీ ఆలస్యపు రుసుముతో సహా దాఖలు చేయాలి. వ్యాపారం చితికిపోయి రెండేళ్లు పట్టించుకోకుండా వదిలేసినవాడికి ఈ లెక్క తడిసి మోపెడవుతుంది. కట్టలేక అలాగే వదిలేస్తే, వరసగా మూడేళ్లు రిటర్నులు వేయని కంపెనీ డైరెక్టరుపై ఐదేళ్ల అనర్హత వేటు పడుతుంది. 2017లో రెండు లక్షలకు పైగా కంపెనీల పేర్లు తొలగించి, లక్షల మంది డైరెక్టర్లను అనర్హులుగా ప్రకటించారు. డొల్ల కంపెనీలను ఏరివేయడం అవసరమే. కానీ మోసగాడినీ, నష్టపోయినవాడినీ ఒకే గాటన కట్టకూడదు. 2018లోనూ, 2020లోనూ ప్రత్యేక పథకాలు తెచ్చి, ఆగిపోయిన రిటర్నులు వేసుకునే వీలు కల్పించడాన్ని బట్టి చూస్తే కేంద్రానికీ ఈ ఇబ్బంది తెలుసు.

దీనికి పరిష్కారం కోసం ఎక్కడో వెతకనక్కర్లేదు. జీఎస్టీలో టర్నోవరు 1.5 కోట్ల రూపాయల లోపు ఉంటే ఒక్కో నెలవారీ రిటర్ను ఆలస్యపు రుసుము 2,000 రూపాయలు దాటదు, లావాదేవీలు లేని రిటర్నుకైతే 500 మించదు. చిన్న ఎల్‌ఎల్‌పీలకు 2022 ఏప్రిల్ నుంచి రోజుకు 100 పద్ధతి తీసేసి, మామూలు రుసుముకు ఇన్ని రెట్లు అనే విధానం తెచ్చారు. టర్నోవరు 40 లక్షలు మించకపోయినా, లేదా పెట్టుబడి 25 లక్షలు మించకపోయినా ఎల్‌ఎల్‌పీకి ఆ సంస్థల చట్టం కింద ఆడిట్ నుంచి మినహాయింపు కూడా ఉంది. అదే స్థాయి కంపెనీకి ఈ రెండూ ఎందుకు ఇవ్వకూడదో కేంద్రం చెప్పాలి. రోజుకు 100 రూపాయలకు తగ్గకూడదన్న మాట కంపెనీల చట్టం 403వ సెక్షనులోకే 2017 సవరణతో చేరింది కాబట్టి దాన్ని పార్లమెంటే మార్చాలి. కర్నూలు, నంద్యాల, అనంతపురం, హిందూపురం, కడప ఎంపీలు పార్టీలతో నిమిత్తం లేకుండా ఈ సవరణను సభలో కోరాలి. అంతవరకు మన జిల్లా పరిశ్రమల కేంద్రాలు ఒక పని చేయవచ్చు. కంపెనీ పెడతామని వచ్చే యువతకు రాయితీల పట్టికతో పాటు, ఏటా అయ్యే ఖర్చులు, గడువు తేదీలు, ఆలస్యానికి పడే రుసుము రాసిన కాగితాన్ని కూడా తెలుగులో చేతికివ్వాలి.