ప్రజాస్వామ్యం తెప్పించుకోబోయే దేశాలకు కొన్ని సూచనలు

అమెరికా నుంచి ప్రజాస్వామ్యం తెప్పించుకోవాలంటే అర్జీ పెట్టుకోనక్కర్లేదు. మీకు అవసరమో కాదో వాళ్లే తేల్చుకుంటారు. మనవైపు బోరు వేయించాలంటే రైతు వెళ్లి బండివాణ్ని బతిమాలుకోవాలి. ఇక్కడ బండి తనంతట తానే పొలంలో దిగుతుంది. తక్కిన పద్ధతి మాత్రం ఒకటే: నీళ్లు పడినా పడకపోయినా అడుగుకింత చొప్పున బిల్లు, కట్టేది పొలం గలవాడు.

అర్హతల దగ్గరే చాలామంది పొరబడతారు. తమ దగ్గర ఇప్పటికే ఎన్నికలు జరుగుతున్నాయి కాబట్టి మార్కులు ఎక్కువ పడతాయనుకుంటారు. పడవు సరికదా, ఉన్నవి పోతాయి. ఇరాన్‌లో మొసద్దెగ్ పార్లమెంటు ఆమోదంతో ప్రధాని అయిన మనిషి. 1951లో బ్రిటిష్ కంపెనీ చేతిలోని చమురును జాతీయం చేశాడు. 1953 ఆగస్టులో పదవి పోయింది, ఆ తర్వాత జైలు, ఆ తర్వాత చచ్చేదాకా గృహనిర్బంధం. అందులో తమ చెయ్యి ఉందని అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ కాగితం మీద ఒప్పుకున్నది 2013లో. అరవై ఏళ్లే పట్టింది. మన సివిల్ కోర్టుల్లో గట్టు తగాదాలు చూసినవాళ్లెవరూ దీన్ని ఆలస్యం అనలేరు.

గ్వాటెమాలా సంగతి మన రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లెక్కిన ప్రతివాడికీ ఇట్టే అర్థమవుతుంది. ఎన్నికల్లో గెలిచి అధ్యక్షుడైన అర్బెంజ్ 1952లో భూసంస్కరణ చట్టం తెచ్చాడు. బీడుగా పడున్న భూములు తీసుకుంటాం, పన్ను కాగితాల్లో మీరే రాసుకున్న విలువ ప్రకారం పరిహారం ఇస్తాం అన్నాడు. అరటిపళ్ల వ్యాపారం చేసే యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ పన్ను తగ్గించుకోవడానికి విలువ తక్కువేసి రాసుకుంది. లెక్కగడితే 6 లక్షల 27 వేల డాలర్లు వచ్చింది. కాదు, కోటీ 58 లక్షల డాలర్లు ఇవ్వాలని అమెరికా విదేశాంగ శాఖే నోటీసు పంపింది. అంటే రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వ విలువ, పరిహారానికి మార్కెట్ విలువ. మనవాళ్లు తామే కనిపెట్టామనుకునే సూత్రం ఇది. అప్పటి విదేశాంగ మంత్రి జాన్ ఫాస్టర్ డలెస్ అంతకుముందు పనిచేసిన లా కంపెనీకి యునైటెడ్ ఫ్రూట్ పాత క్లయింటు. ఆయన తమ్ముడు అలెన్ డలెస్ సీఐఏ అధిపతి. 1954 జూన్‌లో అర్బెంజ్ దిగిపోయాడు.

మన సముద్రం దాకా వచ్చిన కేసు కూడా ఒకటుంది. 1970 డిసెంబరు ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లోని 162 సాధారణ స్థానాల్లో అవామీ లీగ్ 160 గెలిచింది. పాకిస్తాన్ సైనిక పాలకుడు యాహ్యాఖాన్ అధికారం ఇవ్వకుండా సైన్యాన్ని దింపాడు. ప్రజాస్వామ్యాన్ని అణచివేస్తుంటే మన అమెరికా ప్రభుత్వం ఖండించలేదు అని ఢాకాలోని అమెరికా కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, ఆయన సిబ్బంది తమ ప్రభుత్వానికే టెలిగ్రాం కొట్టారు. ఆయన్ని అక్కణ్ణుంచి బదిలీ చేశారు. 1971 డిసెంబరులో ఎంటర్‌ప్రైజ్ అనే అమెరికా అణు విమానవాహక నౌక బంగాళాఖాతంలోకి వచ్చింది. ఓట్లు గెలిచినవాళ్లకు దక్కింది ఒక టెలిగ్రాం, ఓట్లను తొక్కినవాడికి దక్కింది నౌక. దరఖాస్తుదారులు ఈ నిష్పత్తి గుర్తుంచుకోవాలి.

ఇక పూర్తి ప్యాకేజీ ఎలా ఉంటుందో చూడాలంటే ఇరాకే నమూనా. బయల్దేరింది సామూహిక విధ్వంసక ఆయుధాల కోసం. ప్రజాస్వామ్యం అప్పటికి కాగితంలో రెండో పేజీలో ఉంది. ఆయుధాలు దొరక్కపోయేసరికి మొదటి పేజీకి ప్రమోషన్ వచ్చింది. 2003 మే 12న ఇరాక్‌ను ఏలడానికి అమెరికా పంపిన అధికారి పాల్ బ్రెమర్ బాగ్దాద్‌లో అడుగుపెట్టారు. ఒంటిమీద సూటు, మెడకు టై, కాళ్లకు మట్టిలో తొక్కే మోటు బూట్లు. నడుము పైదాకా దౌత్యం, కిందంతా కాంట్రాక్టు పని.

నాలుగు రోజుల్లో మొదటి ఉత్తర్వు: సద్దాం హుస్సేన్ బాత్ పార్టీలో పై నాలుగు హోదాల వాళ్లందరూ ఉద్యోగాల్లోంచి అవుట్. సద్దాం జమానాలో బళ్లో హెడ్మాస్టరు కావాలన్నా ఆ పార్టీ కార్డు ఉంటేనే పని జరిగేది. కాబట్టి టీచర్లు, డాక్టర్లు, ఇంజినీర్లు కలిసి పోయారు. శాఖల్లో పై మూడు అంచెల్లో పార్టీ సభ్యులెవరైనా సరే అవుట్. ఏ వాల్వు తిప్పితే ఏ పేటకు నీళ్లొస్తాయో తెలిసినవాడు ఇంట్లో కూర్చుంటే, కుర్చీలో కొత్తగా కూర్చున్నవాడికి వాల్వు ఎక్కడుందో తెలియదు.

మే 23న రెండో ఉత్తర్వు: సైన్యం రద్దు. దాదాపు 4 లక్షల మంది ఒక్క సంతకంతో రోడ్డున పడ్డారు. జీతాలు ఆగాయి గానీ తుపాకులు మాత్రం వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. సాంకేతికంగా చూస్తే ఇది వరుసక్రమంలో వచ్చిన లోపం. ముందు తుపాకీ తీసుకోవాలి, తర్వాత ఉద్యోగం తీసేయాలి. దశలు తారుమారైతే ఏమవుతుందో ఆ దేశంలో తర్వాతి పదేళ్లు విడమరిచి చెప్పాయి.

ఉత్తర్వులు వందకు చేరాయి. పన్ను 15 శాతం దాటకూడదని ఒకటి, విదేశీ కంపెనీలు నూటికి నూరు శాతం యాజమాన్యం పెట్టుకోవచ్చని ఒకటి. పత్రికలు ఏం రాయకూడదో చెప్పేది 14వది. దానికింద అల్ హౌజా అనే పత్రికను 2004 మార్చిలో 60 రోజులు మూయించారు. పత్రిక మూతపడిన వారానికే దాని పాఠకులు తుపాకులతో వీధుల్లోకి వచ్చారు. చందాదారుల నుంచి అంత స్పందన మన పత్రికలకు కలలో కూడా రాదు.

మరి ఓటు?

అక్కడికే వస్తున్నా. 2003 జూన్‌లో నజఫ్ అనే ఊళ్లో మేయర్ ఎన్నికకు అంతా సిద్ధమైంది. అమెరికన్ మెరైన్లే చెక్కలు కొట్టి బ్యాలెట్ పెట్టెలు చేశారు. విస్కాన్సిన్ నుంచి వచ్చిన రిజర్వు సైనికులు ఓటర్ల పేర్లు నమోదు చేశారు. అభ్యర్థులు కరెంటు తెప్పిస్తాం, పాతబస్తీ బాగుచేస్తాం, ఉద్యోగాలిస్తాం అని రంగురంగుల కరపత్రాలు పంచారు. హామీలు చూస్తే మన మునిసిపల్ ఎన్నికే, బిర్యానీ ప్యాకెట్లు ఒక్కటే తక్కువ. బ్రెమర్ గారు రద్దు చేశారు. పరిస్థితులు అనుకూలంగా లేవట. నిజమే, ఎవరు గెలుస్తారో తెలియని పరిస్థితి కంటే ప్రతికూలమైనది ఇంకేముంటుంది?

ఎన్నికకు బదులుగా ఆ నవంబరులో వచ్చిన పథకాన్ని నామినేటెడ్ పోస్టుల కోసం తిరిగే మన నాయకులు ఫ్రేము కట్టించుకోవచ్చు. 18 రాష్ట్రాలు. ఒక్కోదానికి 15 మందితో నిర్వాహక కమిటీ. అందులో 5 మందిని పాలక మండలి వేస్తుంది, ఆ మండలిలోని 25 మందినీ అప్పటికే అమెరికన్లు వేశారు. 5 మందిని రాష్ట్ర మండలి వేస్తుంది, మిగతా 5 మంది పెద్ద ఊళ్ల మండళ్ల నుంచి ఒక్కొక్కరు. ఈ 15 మందిలో 11 మంది తలూపితేనే ఎవరైనా ఎంపిక సభలో కూర్చోవడానికి పనికొస్తారు. ఆ సభ జాతీయ అసెంబ్లీకి సభ్యులను పంపుతుంది. దీన్ని కాకస్ అన్నారు. అరబిక్‌లో ఆ మాటకు సమానమైన పదం లేక దుభాషీలు తిప్పలు పడ్డారు. మన మండలాధ్యక్షుడి ఎన్నికకు ఎంపీటీసీలను రిసార్టులో దాచే క్యాంపు రాజకీయం దీనికంటే సూటిగా ఉంటుంది. అక్కడ కనీసం ఎంపీటీసీకి జనం ఓటేసి ఉంటారు.

నజఫ్‌లోనే ఒక ఇరుకు సందులో ఉండే పెద్దాయన, ఇల్లు కదలని ఆయతొల్లా సిస్తానీ, రాజ్యాంగం రాసేవాళ్లను జనమే ఎన్నుకోవాలని 2003 జూన్‌లోనే ఫత్వా ఇచ్చాడు. మనిషికో ఓటు అని మతపెద్ద పట్టుపట్టాడు, కుదరదు అని ప్రజాస్వామ్యం తెచ్చినవాళ్లు పట్టుపట్టారు. 2004 జనవరి 19న సుమారు లక్షమంది బాగ్దాద్ వీధుల్లో ఎన్నికలు పెట్టండి అని ఊరేగారు. కాకస్ పథకం అటకెక్కింది. 2005 జనవరి 30న పోలింగ్ జరిగింది, జనం ఊదారంగు సిరా వేళ్లు ఎత్తి చూపారు. మూడు రోజుల తర్వాత వాషింగ్టన్‌లో బుష్ ప్రసంగానికి ఆయన పార్టీ సభ్యులు కొందరు తమ వేళ్లకూ ఊదారంగు పూసుకొచ్చారు. పెళ్లి చెడగొట్టాలని చూసిన బంధువే పెళ్లినాడు పీటల దగ్గర అక్షింతల పళ్లెం పట్టుకుని నిలబడ్డట్టు.

బిల్లు సంగతి. నోట్లు బయల్దేరింది న్యూజెర్సీలోని ఈస్ట్ రూథర్‌ఫర్డ్ నుంచి, ఎడిసన్‌లో మనవాళ్లు ఉండే కాలనీలకు పెద్ద దూరం కాదు. లారీల్లో ఎక్కించి, సైనిక విమానాల్లో బాగ్దాద్ చేర్చారు. మొత్తం 484 పాలెట్లు (నోట్ల కట్టలు పేర్చిన సరుకు పలకలు), ఒక్కో పాలెట్ దాదాపు 680 కిలోలు, కలిపి 1200 కోట్ల డాలర్ల దాకా. అధికారం అప్పగించడానికి ఆరు రోజుల ముందు, 2004 జూన్ 22న, ఒక్క విడతలోనే 240 కోట్ల డాలర్లు. ఇదంతా అమెరికా దానం అనుకునేరు, చాలావరకు ఇరాక్ చమురు సొమ్మూ స్తంభింపజేసిన ఖాతాల సొమ్మూనే. ఇరాక్ శాఖలకు ఇచ్చిన 880 కోట్ల డాలర్లకు సరైన లెక్కాపత్రం లేదని అమెరికా ఆడిటరే 2005లో రాశాడు. అప్పగింత కూడా ప్రకటించిన తేదీకి రెండు రోజుల ముందే, జూన్ 28 ఉదయం 10:26కు, చడీచప్పుడు లేకుండా ముగించి బ్రెమర్ ఆ రోజే విమానం ఎక్కారు. తాళంచెవి వాచ్‌మన్ చేతిలో పెట్టి వెళ్లిపోయే బిల్డరు మనకు కొత్త కాదు.

వారంటీ నిబంధనలు చిన్న అక్షరాల్లో ఉంటాయి, కళ్లద్దాలు పెట్టుకుని చదవాలి. 2006 జనవరిలో అమెరికా ప్రోద్బలంతోనే పాలస్తీనాలో ఎన్నికలు జరిగాయి. పోలింగ్ సక్రమంగా ఉందని పరిశీలకులు రాశారు. 132 స్థానాల్లో హమాస్‌కు 74 వచ్చాయి. సాయం ఆగిపోయింది. 2013 జులైలో ఈజిప్టు సైన్యం ఎన్నికైన అధ్యక్షుణ్ని దించేసింది. సైనిక కుట్ర జరిగిన దేశానికి సాయం ఆపాలని అమెరికా చట్టంలోనే ఉంది, ఏటా వెళ్లేదేమో 130 కోట్ల డాలర్ల సైనిక సాయం. ఉపాయం దొరికింది: అది కుట్రో కాదో తేల్చాల్సిన బాధ్యత చట్టంలో లేదన్నారు. మొగుడి పేరు నోట పలకని పాతకాలపు ఇల్లాలిలా ఆ ఒక్క మాట తప్ప అన్నీ చెప్పుకొచ్చారు. ఆ ఆగస్టులో విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ అయితే సైన్యం ప్రజాస్వామ్యాన్ని పునరుద్ధరిస్తోందనే అన్నారు.

చివరగా ప్రయాణ ఏర్పాట్లు. శిక్షణ కోసం మీ అధికారుల బృందాన్ని వాషింగ్టన్ పిలిపిస్తారు. దిగే విమానాశ్రయం పేరు డలెస్, పైన చెప్పిన అన్నదమ్ముల్లో అన్నగారే. అది వర్జీనియాలో ఉంటుంది. అక్కణ్ణుంచి రాజధానికి కారు మాట్లాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. వాషింగ్టన్‌లో దాదాపు 7 లక్షల మంది ఉంటారు, పన్నులు కడతారు, సెనేట్‌లో వాళ్లకు ఒక్క సభ్యుడూ లేడు, దిగువ సభలో ఉన్న ఒకే ఒక్క ప్రతినిధికి చట్టాల మీద తుది ఓటు లేదు. కడుపుమండి 2000లో కార్ల నంబరు ప్లేట్ల మీదే ప్రాతినిధ్యం లేకుండా పన్నులు అని అచ్చేయించడం మొదలెట్టారు. మీవాళ్లకు వర్జీనియా నంబరు కారే పంపించండి.