సవరణ: ‘అల్మువెర్సో’ అరబీ మాట కాదు

స్పానిష్‌లోని అరబీ మాటల గురించిన క్రితం పోస్టులో అల్గొదోన్ (పత్తి), అల్మొఆద (దిండు)ల పక్కన అల్మువెర్సో (మధ్యాహ్న భోజనం) కూడా చేరింది. దాన్ని జాబితాలోంచి తీసేయాలి. అది లాటిన్‌ది. కొద్దిగా కొరకడం అనే అర్థమున్న ‘అద్‌మొర్దెరె’ నుంచి వ్యవహార లాటిన్‌లో ‘అద్‌మొర్దియుం’ పుట్టింది. ఊనిక పడిన (నొక్కి పలికే) లాటిన్ హ్రస్వ ‘ఒ’ స్పానిష్‌లో ‘ఉఎ’గా చీలుతుంది, అందుకే అల్మువెర్సో. క్రియారూపం అల్మొర్సార్‌లో ఊనిక చివరికి జరగడంతో ‘ఒ’ అలాగే నిలిచింది. అరబీ ప్రభావమల్లా మొదట్లోనే, ‘అద్’ కాస్తా, అరబీ నామవాచకాల ముందు వచ్చే ‘అల్’ (ఇంగ్లీషు ‘ది’ లాంటిది) ప్రభావంతో ‘అల్’ అయింది. బాదం పప్పుకు వాడే అల్మెంద్ర కూడా లాటిన్ మాటే, దాని మొదట్లోనూ ‘అల్’ ఇలాగే వచ్చింది.

దీనికి తలకిందులు కూడా ఉంది, అదే ఎక్కువమందిని తికమక పెడుతుంది. అసూకర్ (చక్కెర), అసెయితె (నూనె) అచ్చంగా అరబీ నుంచి వచ్చినవే, ‘ల్’ మాత్రం కనబడదు. స, జ, ర, ద వంటి హల్లుల ముందు అరబీ ‘అల్’లోని లకారం ఆ హల్లులోనే కలిసిపోతుంది.