అడ్డుతెర, ఒక్క మాత్ర నిద్ర

విజయనగరంలో మా మరదలి పెళ్లి. ముహూర్తం రాత్రి 2 గంటల 40 నిమిషాలకి. సాయంత్రం నుంచీ తుమ్ములే తుమ్ములు. మందుల షాపు కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండా స్ట్రిప్పులోంచి ఓ మాత్ర కత్తిరించి ఇచ్చాడు. నిద్రొస్తుందా అంటే, "ఏటీ అవ్వదు సార్" అన్నాడు. నిద్రమత్తు హెచ్చరిక ఉన్న ముక్క షాపులోనే ఉండిపోయింది మరి.

అడ్డుతెర ఒక కొస పట్టుకునే గౌరవం నాది, రెండో కొస పెళ్లికూతురి బాబాయిది. ముందు నా రెప్పలు దిగాయి. తర్వాత తెర, నావైపు జానెడు. పెళ్లికొడుకు నుదురు కనబడగానే పిల్లలు కిసుక్కుమన్నారు. బాబాయిగారు అట్నుంచి ఒక్క గుంజు గుంజారు. కలలో నేను డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను కాబట్టి, ఎవరో సాయానికొచ్చారనుకుని మొత్తం వదిలేశాను. తెర వెళ్లి పంతులుగారిని మైకుతో సహా కప్పేసింది. ఆయన లోపల్నుంచే మంత్రం కొనసాగించారు, దండం పెట్టాలి. పెళ్లికొడుకు టైమైందనుకుని జీలకర్రా బెల్లం ఎత్తేశాడు. అందరూ అతని చెయ్యి పట్టుకోడానికి పరిగెడితే, వీడియో అతను మాత్రం లైటు నా మొహం మీదికి తిప్పాడు.

"ఏటి బావా, నిలబడే కునుకేసినావేటి?" అన్నాడు మా బావమరిది. వాడు ఫార్మసీ చదివాడు. జేబులోని స్ట్రిప్పు ముక్క మీద మిగిలిన సగం పేరు చూసి, తుమ్ములకిచ్చే పాతతరం మందు క్లోర్‌ఫెనిరమైన్ అని తేల్చాడు. ముక్కు కారించే హిస్టమిన్ అనే రసాయనమే మెదడులో మనల్ని మెలకువగా కూడా ఉంచుతుందట. అందుకు అది హెచ్1 గ్రాహకాలనే సీట్ల మీద కూర్చోవాలి. ఈ మాత్ర ముందే వెళ్లి ఆ సీట్ల మీద కర్చీఫ్ వేసేస్తుంది. సెట్రిజిన్ లాంటి తర్వాతి తరం మందులైతే మెదడులోకి అంతగా చొరబడవట.

"మరి అన్ని కాఫీలు తాగానుగా?"

"కాఫీలో కెఫీన్ కర్చీఫ్ వేసేది, నిద్ర తెప్పించే అడినోసిన్ సీట్ల మీద బావా. అది వేరే బస్సు."

ఇదంతా మైకు పక్కనే చెప్పాలా? బంతి భోజనాల దాకా వెళ్లేసరికి 'అల్లుడు మందేసుకొచ్చాడట' అయిపోయింది.

పెదమావగారు పక్కన కూర్చుని, ఎంత తీసుకున్నావని మెల్లిగా అడిగారు.

"ఒకటేనండీ."

"ఒకటికేనా!" అని జాలిగా చూసి, నా ఆకులో ఇంకో బూరె వేయించారు.