ముందు పోనివ్వండి, పరీక్ష తర్వాత చూద్దాం

టెక్సస్ రాష్ట్రం పరీక్షలకు వ్యతిరేకమని గిట్టనివాళ్ళు ప్రచారం చేస్తున్నారు. పచ్చి అబద్ధం. ఇక్కడ ఏ కుర్రాడైనా ఫెంటానిల్ అనే అతి ఘాటైన నొప్పిమందు కలిసిన నకిలీ మాత్ర మింగి చనిపోతే, వాడి రక్తాన్ని ప్రభుత్వమే పనిగట్టుకుని ల్యాబుకు పంపిస్తుంది. కొన్ని వారాలకు రిపోర్టు వస్తుంది. ఏ మందు, రక్తంలో ఎంత ఉంది, అన్నీ నానోగ్రాముల లెక్కన ఉంటాయి. దానికి ఏ చట్టమూ అడ్డు రాదు. వచ్చిన గొడవల్లా ఆ పరీక్షేదో మింగకముందే చేసుకుంటామనే తొందరగాళ్ళతోనే.

ఆ తొందరకు పనికొచ్చే వస్తువు ఫెంటానిల్ టెస్ట్ స్ట్రిప్. వేలెడంత కాగితం పట్టీ, ఖరీదు సుమారు ఒక డాలరు. మాత్రను నలిపి నీళ్ళలో కలిపి, స్ట్రిప్ కొసను పదిహేను సెకన్లు ముంచి, పక్కన పెట్టి రెండు మూడు నిమిషాలు ఆగితే గీతలు తేలతాయి. రెండు గీతలొస్తే ఫెంటానిల్ కనపడలేదని, ఒక్కటే వస్తే ఉందని. అంటే గర్భపరీక్షకు సరిగ్గా తలకిందులు. ఇంత గందరగోళపు వస్తువు కొంపలో ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. బాత్‌రూమ్ చెత్తబుట్టలో రెండు గీతల స్ట్రిప్ కనిపిస్తే అత్తగారు స్వీట్లు పంచాలా, పోలీసుల్ని పిలవాలా?

పెద్దలు ఈ ముప్పును ఎప్పుడో పసిగట్టారు. 1979లో అమెరికా మాదకద్రవ్యాల నిరోధక సంస్థ డీఈఏ, రాష్ట్రాల కోసం ఒక నమూనా చట్టం తయారు చేసింది. గొట్టాలు, త్రాసులతో పాటు సరుకు ఎంత శుద్ధమో చూసుకునే సామాను కూడా నేరమే అంది. రెండు మిల్లీగ్రాముల ఫెంటానిల్ మనిషిని చంపగలదని ఇప్పుడు చెబుతున్నదీ ఆ డీఈఏనే. 2023లో తమ ల్యాబులో చూసిన ఫెంటానిల్ నకిలీ మాత్రల్లో పదింటికి ఏడింట్లో ప్రాణం తీయగల మోతాదు ఉందని ప్రకటించిందీ వాళ్ళే. ఈ సంగతులు డీఈఏకి తెలియడం అవసరం. మాత్ర చేతిలో పట్టుకుని కూర్చున్నవాడికి ఎందుకట?

శిక్షల్లో కూడా మా టెక్సస్ చట్టం లోకజ్ఞానంతో నడుస్తుంది. మన స్ట్రిప్పు కూడా ఆ నేరపు సామాను కిందే లెక్క. అది మీ దగ్గర దొరికితే 500 డాలర్ల దాకా జరిమానా. ఇంకొకరికి ఇస్తే ఏడాది దాకా జైలు. తను తెలుసుకోవాలనుకోవడం చిన్న తప్పు, పక్కవాడికి తెలిసేలా చేయడం పెద్ద తప్పు. కాలేజీకి వెళ్ళే కొడుకు బ్యాగులో అమ్మ ఆవకాయ సీసా సర్ది, దాని పక్కన నాలుగు స్ట్రిప్పులు కూడా పెట్టిందనుకోండి. ఆవకాయ వరకు చట్టబద్ధమే.

మధ్యలో ఒకసారి ప్రమాదం తప్పింది. 2022 చివర్లో, ఏ మూడ్‌లో ఉన్నారో గానీ, గవర్నర్ గ్రెగ్ అబాట్ గారే స్ట్రిప్పులను అనుమతించాలన్నారు. 2023లో దిగువ సభ దాదాపు ముక్తకంఠంతో బిల్లు పాస్ చేసేసింది. ఇక అయిపోయింది అనుకున్న సమయంలో రాష్ట్ర ఎగువ సభ సెనేట్ ఆపద్బాంధవుడిలా వచ్చి, ఓటింగు దాకా రానివ్వకుండా దాన్ని పడుకోబెట్టింది. 2025లో మళ్ళీ తెచ్చారు, మళ్ళీ అదే జోల. ఇక్కడ చట్టసభలు రెండేళ్ళకోసారి 140 రోజులు కూర్చుంటాయి కాబట్టి ఒక బిల్లు పడుకుందంటే రెండేళ్ళు లేవదు.

అలాగని సెనేటర్లు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నారనుకుంటే పాపం. ఫెంటానిల్ ఇచ్చి ఒకరి చావుకు కారణమైనవాడి మీద హత్య కేసు పెట్టే చట్టం 2023లోనే వచ్చింది. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలకు ఏటా ఫెంటానిల్ పాఠాలు పెట్టారు. అక్టోబరుకు ఫెంటానిల్ అవగాహన మాసమని పేరు కూడా పెట్టారు. లోకంలో ఉన్న మాత్రలన్నిటి గురించీ అవగాహన ఉండాలి, చేతిలో ఉన్న ఆ ఒక్క మాత్ర గురించి తప్ప.

నార్కాన్ సంగతి వేరు. పడిపోయినవాడి ముక్కులో కొడితే ఊపిరి తిరిగొచ్చే స్ప్రే అది. 2023 నుంచి దేశమంతటా ప్రిస్క్రిప్షన్ లేకుండానే కొనుక్కోవచ్చు, రెండు డోసుల డబ్బా దాదాపు 45 డాలర్లు. అది కొట్టడానికి పక్కన ఇంకో మనిషి ఉండాలి. గది తలుపేసుకుని ఒంటరిగా పడినవాడు తన ముక్కులో తాను కొట్టుకోలేడు. అయినా పడ్డవాణ్ణి లేపడంలో ఉన్న పుణ్యం పడకుండా ఆపడంలో ఎక్కడుంది చెప్పండి.

స్ట్రిప్ చేతికిస్తే అలవాటు పెరుగుతుందన్నదే అసలు వాదన. దీన్ని కొట్టిపారేసేవాళ్ళు డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో మన తెలుగువాళ్ళ ఇళ్ళకు భోజనానికి రావాలి. అంకుల్ వేలు గుచ్చుకుని, షుగర్ స్ట్రిప్ మీద చుక్క పెట్టి, 130 అని చూసి, ధైర్యంగా రెండో బొబ్బట్టు అందుకుంటాడు. ఆ స్ట్రిప్పులే నిషేధిస్తే మధుమేహం ఈపాటికి మటుమాయమయ్యేది. 240 చూసి చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్ళూ ఉంటారు గానీ, అలాంటివాళ్ళను చూసి చట్టాలు చేయలేం కదా.

పోనీ ఈ స్ట్రిప్ ఏమైనా సర్వజ్ఞా? ఫెంటానిల్ ఉందో లేదో చెబుతుంది, ఎంతుందో చెప్పదు. మాత్రలో ఒక మూల గీకి చూస్తే ఇంకో మూలనున్నది తప్పించుకోవచ్చు. పూర్తిగా తెలియనప్పుడు అసలేమీ తెలియకపోవడమే గౌరవం.

బాధేమిటంటే ఇరుగుపొరుగు జారిపోయారు. అలబామా, జార్జియా, టెన్నెసీ 2022లోనే స్ట్రిప్పులను అనుమతించి లొంగిపోయాయి. మరుసటి ఏడాది ఫ్లోరిడా, మిసిసిపి. ఇవేమీ గంజాయి తోటల్లో పుట్టిన రాష్ట్రాలు కావు, చర్చికి వెళ్ళొచ్చే రాష్ట్రాలు. ఫెడరల్ ప్రభుత్వం 2021లోనే తన గ్రాంటు డబ్బుతో స్ట్రిప్పులు కొనుక్కోవచ్చని చెప్పేసింది. దేశంలో ఏటా లక్షమందికి పైగా ఓవర్‌డోస్‌తో పోతున్న రోజులవి. లక్షకే ఇంత కంగారా అని మేం మాత్రం నిబ్బరంగా ఉన్నాం.

ఇదంతా మన తెలుగువాళ్ళకెందుకు అంటారా? నిజమే, మన పిల్లలకు అలాంటి అలవాట్లు ఉండవు. ఫైనల్స్ ముందు రాత్రి మేలుకోవడానికి స్నాప్‌చాట్‌లో ఎవడో అమ్మే అడరాల్ (ఏకాగ్రత కోసం డాక్టర్లు రాసే మాత్ర) ఒకటీ అరా వేసుకుంటే అది డ్రగ్స్ కిందకు రాదు, చదువు కిందకు వస్తుంది. చూడ్డానికి కూడా ఫార్మసీ మాత్రలాగే ఉంటుంది, అదే రంగు, మీద అవే అంకెలు. జరగరానిది జరిగితే వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి కార్డియాక్ అరెస్ట్ అనే మాట ఉండనే ఉంది. అసలు కారణం తేలేసరికి గోఫండ్‌మీలో ఆన్‌లైన్ చందాల వసూలు కూడా ముగిసిపోతుంది, ఇక ఎవరూ అడగరు.

2027 జనవరిలో సభ మళ్ళీ కూర్చుంటుంది. ఈసారైనా సెనేటర్ల మనసు కష్టపెట్టని ఒక రాజీ ప్రతిపాదన పంపిద్దామనుకుంటున్నాను. స్ట్రిప్పులు అమ్ముకోనివ్వండి, కావాలంటే ఊరికే పంచనివ్వండి. ఒక గీతంటే ఏమిటో, రెండు గీతలంటే ఏమిటో మాత్రం ప్యాకెట్ మీద అచ్చు వేయకూడదు. ఈ ఒక్క షరతు పెడితే బిల్లు ఓటింగు దాకా వస్తుందని నాకు గట్టి నమ్మకం.