నాజిల్ కింద అరచెయ్యి పెట్టమన్న మహానుభావుడికి

"పాత డీజిల్ ట్రాక్టర్ మిస్సింగ్ కొడుతోందా? మెకానిక్ అక్కర్లేదు, ఐదు నిమిషాల్లో జబ్బు మీరే కనిపెట్టండి!" అనే మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చింది. మొదటిసారి మా బావ పంపాడు, చూసి వదిలేశాను. రెండోసారి వచ్చినప్పుడు కింద మూడు నమస్కారం బొమ్మలు, "అందరికీ చేరేదాకా షేర్ చెయ్యండి" అన్న ముక్క చేరాయి. మూడోసారి ఎవరు పంపారో కూడా చూడలేదు. నాలుగోసారి పంపిన పెద్దాయన మాత్రం ముప్పై ఏళ్లుగా ట్రాక్టర్ మీదే బతుకుతున్న మనిషి. ఆయన చదవకుండా పంపాడనే అనుకుంటున్నాను. చదివి కూడా పంపాడంటే చెప్పడానికేమీ లేదు.

మిస్సింగ్ అంటే ఏదో ఒక సిలిండర్‌లో డీజిల్ సరిగ్గా మండక ఇంజిన్ తడబడటం. ఆ మెసేజ్‌లో ఆరు పాయింట్లున్నాయి. ప్లగ్గు మార్చాలట. నల్ల పొగ వస్తే పిస్టన్ రింగులు పోయినట్టేనట. నాజిల్, అంటే సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ముక్క, బయటికి తీసి, అరచెయ్యి అడ్డం పెట్టి చూడాలట. ట్యాంకులో లీటరు పెట్రోలు కలపాలట. డీజిల్ పంపు స్క్రూ ఒక చుట్టు బిగించాలట. చివరగా, నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసి చూడాలట.

ప్లగ్గు సంగతి ఒక్క మాటలో తేల్చేద్దాం. హెడ్డింగులోనే డీజిల్ ట్రాక్టర్ అని రాసి, మొదటి పాయింట్‌లోనే స్పార్క్ ప్లగ్గు మార్చమన్నాడు. ఆ ప్లగ్గు ఎక్కడుందో వచ్చి చూపిస్తే దండేసి పంపిస్తాను. హీటర్ ప్లగ్గు గురించి అన్నాడేమో అంటారా? అది చల్లటి ఇంజిన్‌ని వేడి చేసేది, దాని పని స్టార్ట్ అయ్యేదాకానే. వేడెక్కి నడుస్తున్న ఇంజిన్ మిస్ అవుతుంటే దాన్ని తప్పుపట్టి లాభం లేదు. 1946లో మొదలైన ఫెర్గూసన్ టీఈ20, దాని తర్వాతి ఏడాది వచ్చిన ఫోర్డ్ 8ఎన్ లాంటి పెట్రోలు బళ్లు ఎవరైనా ఇంకా ముద్దుగా చూసుకుంటూ ఉంటే వాళ్ల లెక్క వేరు. ప్లగ్గు, దానికి కరెంటు అందించే కాంటాక్ట్ పాయింట్లు, కండెన్సర్ అన్నీ చూసుకోవాల్సిందే. కానీ ఈ మెసేజ్ వాళ్ల కోసం రాసింది కాదు.

పెట్రోలు సంగతి. "నాజిళ్లు కడిగినట్టు శుభ్రమవుతాయి" అట. పెట్రోలు తయారుచేసేదే ఒత్తిడికి తనంతట తాను అంటుకోకుండా ఉండేలా. డీజిల్ ఇంజిన్‌కి కావాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం. కలిపితే మండటం ఆలస్యమై మిస్సింగ్ ఇంకా పెరుగుతుంది. పైగా ఆ పంపు లోపలి భాగాలకు జిడ్డు పట్టించేది డీజిలే. దాన్ని పలచన చేస్తే పంపు అరిగిపోతుంది. ఇక ట్యాంకులో పేరుకునే పెట్రోలు ఆవిరి గురించి చెప్పక్కర్లేదు, బీడీ తాగుతూ డీజిల్ పోసేవాళ్లను మనమంతా చూశాం.

పంపు స్క్రూ అయితే మరీ ఘోరం. దానికి సీలు వేసింది అందానికి కాదు. మిస్ అయ్యేది ఒక్క సిలిండర్. ఆ స్క్రూ తిప్పితే డీజిల్ పెరిగేది అన్నిటికీ. చచ్చిన సిలిండర్ చచ్చినట్టే ఉంటుంది, మిగిలినవి దాని బరువు కూడా మోస్తూ నల్లగా పొగ కక్కుతాయి. అప్పుడు మళ్లీ రెండో పాయింట్‌కి వెళ్లి రింగులు పోయాయని ఇంజిన్ విప్పుకోవచ్చు. రాసినాయన ఏర్పాటు పకడ్బందీగానే ఉంది.

పొగ గురించి కొంచెం ఓపిగ్గా చెబుతాను, ఎందుకంటే ఇందులో చాలామంది నిజంగానే తికమకపడతారు. నల్ల పొగ అంటే గాలికి మించి డీజిల్ పడుతోందని. ముందు గాలి ఫిల్టర్ విప్పండి. పాత బళ్లలో నూనె గిన్నె ఉండే ఫిల్టరే ఎక్కువ. దాని అడుగున బురద గడ్డకట్టి ఉంటే పొగ ఎందుకొస్తోందో అక్కడే తెలుస్తుంది. రింగులు పోతే వచ్చేది నీలం పొగ, దాంతోపాటు ఇంజిన్ ఆయిల్ తగ్గుతూ ఉంటుంది. మిస్సింగ్‌తో పాటు సాధారణంగా కనిపించేది తెల్ల పొగ, మండకుండా బయటికొచ్చిన డీజిల్. సైలెన్సర్ దగ్గర నిలబడితే కళ్లు మండుతాయి. అదే తెల్ల పొగ కళ్లు మండించకుండా, రేడియేటర్‌లో నీళ్లు రోజురోజుకీ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ని, అంటే ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలుని, అనుమానించాలి. నల్ల పొగ చూసి ఇంజిన్ విప్పి, సిలిండర్లు తొలిపించే బోర్ పనికి ఇవ్వడమంటే తలనొప్పికి తల మార్పించుకోవడమే.

ఇప్పుడు మూడో పాయింట్. ఇది లేకపోతే నేను ఇదంతా రాసేవాణ్నే కాదు. మిగతా తప్పులతో డబ్బు పోతుంది, దీనితో చెయ్యి పోతుంది.

అందులో ఉన్నది ఉన్నట్టు చెబుతాను: నాజిల్ ఊడదీసి, పైపు మళ్లీ బిగించి, సెల్ఫ్ కొట్టిస్తూ నాజిల్ ముందు అరచెయ్యి పెట్టాలి. చురుక్కుమంటే నాజిల్ బాగున్నట్టు, గిలిగింతలు పెడితే పోయినట్టు. అంటే నాజిల్ బాగుంటే చెయ్యి పోతుంది, చెయ్యి బాగుంటే నాజిల్ పోయింది. ఏదో ఒకటి మాత్రం ఖాయం!

ఆ పాత ఇంజిన్లలో నాజిల్ తెరుచుకునేదే సుమారు 200 బార్ ఒత్తిడి దగ్గర, ఇంజిన్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ. కారు టైరులో ఉండేది 2 బార్ చిల్లర. అంటే దాదాపు వంద రెట్లు. నాజిల్‌ని బిగించి చేత్తో డీజిల్ కొట్టించి చూసే టెస్టర్ మీద ఎప్పుడైనా చూశారా? హ్యాండిల్ నొక్కగానే కిర్రుమని, చలికాలం పొద్దున నోట్లోంచి వచ్చే ఆవిరిలాంటి పొగ వస్తుంది. ఎంత మెత్తగా కనిపిస్తుందంటే, వేలు పెట్టి తాకి చూడాలనిపిస్తుంది. ఆ మెత్తదనమే మోసం. దాని ముందు చర్మం ఒక అడ్డే కాదు.

లోపలికి దూరిన డీజిల్ అక్కడే ఆగదు. కండరాల పొరల మధ్యన దారి చేసుకుంటూ వేలి నుంచి అరచేతికి, అరచేతి నుంచి పైకి పాకుతుంది. బయట కనిపించేది సూది గుచ్చినంత చుక్క. మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు, అందుకే మనవాళ్లు ప్యాంటుకి తుడుచుకుని పనిలో పడిపోతారు. కొన్ని గంటలకు వేలు బిగిసి, ఉబ్బి, రంగు మారుతుంది. అప్పటికి లోపల కండ చచ్చిపోవడం మొదలై ఉంటుంది. ఇది తెరిచి కడగాల్సిన గాయం, వెంటనే ఆపరేషన్ కావాలి. ఆరు గంటలు దాటే కొద్దీ వేలు తీసేయాల్సి వచ్చే ప్రమాదం బాగా పెరుగుతుంది.

ఒకవేళ ఎవరికైనా ఇలా జరిగితే ఆస్పత్రిలో "డీజిల్ తగిలింది" అనకండి. అలా అంటే కడిగి, ఆయింట్‌మెంట్ రాసి పంపించేస్తారు. "ప్రెషర్ మీద డీజిల్ చర్మం లోపలికి దూసుకుపోయింది" అని ఆ మాటల్లోనే చెప్పండి. చుక్క చిన్నదే కదా అని ఊరుకోకండి, నొప్పి లేదు కదా అని పొద్దున్నదాకా ఆగకండి. చేత్తో పిండి బయటికి తీద్దామని చూడకండి. పైపు ఎక్కడ లీకవుతోందో చూడాలన్నా వేలితో తడమకూడదు, అట్టముక్క పెట్టి చూడాలి. నాజిల్ ఎలా కొడుతోందో చూడాలంటే టెస్టర్ మీదే చూడాలి.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. ఆరో పాయింట్ సరైనదే. నిజానికి నేను చెప్పాల్సి వచ్చినా దాంతోనే మొదలుపెడతాను. ఇంజిన్ స్లో మీద నడుస్తుండగా ఒక్కో నాజిల్ దగ్గర పైపు నట్టు అర చుట్టు వదులు చేస్తే, పనిచేస్తున్న సిలిండర్ అయితే ఇంజిన్ ఒక్కసారిగా కుంటుతుంది. వదులు చేసినా శబ్దంలో ఏ మార్పూ లేకపోతే మనకు కావాల్సిన దొంగ వాడే. కాకపోతే రాసినాయన కొన్ని మాటలు మింగేశాడు. కళ్లకు అద్దాలుండాలి, చెయ్యి పాన చివరనే ఉండాలి, కారే డీజిల్ వేడి మానిఫోల్డ్ (సిలిండర్ల నుంచి పొగ బయటికి తెచ్చే గొట్టం) మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టాలి. ఇది పాత పంపుల ఇంజిన్లకే. అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే కొత్త కామన్ రైల్ బళ్లలో ప్రెషర్ వెయ్యి బార్ దాటుతుంది, అక్కడ నడుస్తుండగా నట్టు ముట్టుకోకూడదు.

నట్టు విప్పే ధైర్యం లేకపోతే, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకు మానిఫోల్డ్ మీద ఒక్కో సిలిండర్ దగ్గర చుక్క నీళ్లు చిలకరించండి. మిగతా చోట్ల చుయ్ మని ఎగిరిపోతుంది, చచ్చినదాని దగ్గర తాపీగా జారుతుంది. దొంగ దొరికాక ఆ నాజిల్‌ని పక్క సిలిండర్‌కి మార్చండి, రాగి వాషర్లు కొత్తవి వేసి. మిస్సింగ్ కూడా దాంతోపాటు పక్కకి వెళ్తే నాజిల్ తప్పు. ఉన్నచోటే ఉంటే వాల్వులు తెరిచే ట్యాపెట్లు, ఆ తర్వాత కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) చూసుకోవాలి.

ఈ పరీక్ష నన్ను కూడా ఒకసారి తప్పుదారి పట్టించింది. పొద్దున చూస్తే రెండో సిలిండర్ చచ్చినట్టు, మధ్యాహ్నం చూస్తే మూడోది. నాకు బుద్ధి ఉంటే అక్కడే ఆగాలి. ఒకే సిలిండర్ లెక్కగా తప్పుతుంటే నాజిల్, ట్యాపెట్. ఎప్పుడు ఏది తప్పుతుందో తెలియకపోతే ఎయిర్ పట్టినట్టు, అంటే డీజిల్ పైపుల్లో గాలి చేరినట్టు. అది వదిలేసి మూడు నాజిళ్లూ పీకి టెస్టుకిచ్చాను. మూడూ శుభ్రంగా కొట్టాయి. మళ్లీ బిగించాను, మళ్లీ అదే పాట. రెండు రోజులు పోయాక, ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య పారదర్శకంగా ఉండే పైపు ముక్క పెట్టి చూస్తే, సోడాలో లేచినట్టు బుడగలు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకొచ్చే రబ్బరు పైపు క్లిప్పు కింద సన్నగా చిట్లింది. అది పీల్చే వైపు కాబట్టి ఒక్క చుక్క డీజిల్ కూడా బయటికి కారలేదు, గాలి మాత్రం లోపలికి పోతోంది. అంగుళం కోసేసి, మళ్లీ క్లిప్పు బిగించి, ఫిల్టర్ దగ్గర ఎయిర్ తీశాను. అంతే.

ఆరు పాయింట్లలో గాలి అన్న మాటే లేదు. డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు బయటికి వదలమనీ లేదు. గంట నడిచాక నీరసించే బండికి ట్యాంకు మూత రంధ్రం పూడిపోయిందేమో చూడమనీ లేదు, మూత వదులు చేస్తే సుయ్ మని గాలి పీల్చుకోవడం చెవికే వినిపిస్తుంది.

ఆ పెద్దాయనకు ఫోన్ చేశాను. "ఆరోది బాగుందని పంపానబ్బాయ్, మూడోది నేను చూళ్లేదు" అన్నాడు. దాన్ని తీసేసి మళ్లీ పంపమన్నాను. సాయంత్రానికి పంపాడు కూడా. మూడో పాయింట్ లేదు. ప్లగ్గు మాత్రం అలాగే ఉంది.